దేవనహళ్ళి, నంది కొండ వైపు ధరలు: ఇప్పుడు కొనడం తెలివేనా?

హెబ్బాళ వాసి

మాది ఒంగోలు దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా బెంగళూరు హెబ్బాళలో అద్దెకుంటున్నాం. కొంచెం చెట్టూ చేమా ఉన్నచోట చిన్న ఇల్లు కట్టుకుందామని మూడేళ్ళుగా ఆదివారాల్లో దేవనహళ్ళి దాటి నంది కొండ దాకా తిరుగుతున్నాం. ఎప్పుడు వెళ్ళినా రేటు పెరిగిందనే చెబుతున్నారు. ఉగాదికి ముందు చూసిన సైటుకి మొన్న ఎనిమిది లక్షలు ఎక్కువ అడిగారు. ఈ ఆదివారం అడ్వాన్సు ఇస్తే పాత ధరకు ఒప్పిస్తానని బ్రోకరు అంటున్నాడు. ఇప్పుడు వదిలేస్తే ఇక కొనలేవని మా తమ్ముడు, అది గాలి ధర అని మా మామగారు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఆ వైపు కొన్నవాళ్ళు, ఉంటున్నవాళ్ళు చెప్పండి.

యలహంక నుంచి

కొనండి. నేను 2014లో దేవనహళ్ళి దగ్గరి విజయపుర రోడ్డులో కొన్నాను, అప్పుడు మా ఇంట్లో అందరూ తిట్టారు. 2008 మేలో దేవనహళ్ళి దగ్గర ఎయిర్‌పోర్టు తెరిచారు. 2022 నవంబరులో రెండో టెర్మినల్ వచ్చింది. దొబ్బస్‌పేట నుంచి దొడ్డబళ్ళాపుర, దేవనహళ్ళి మీదుగా హొసకోట దాకా శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు పడింది. ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ వచ్చింది, ఎయిర్‌పోర్టుకి మెట్రో పనులు నడుస్తున్నాయి. ఇవన్నీ కళ్ళెదుట ఉన్నవే, ఎవరో పుట్టించిన మాటలు కావు. ఉద్యోగాలు ఎటు పోతే ఇళ్ళు అటు పోతాయి. వైట్‌ఫీల్డ్ కూడా ఒకప్పుడు పల్లెటూరే. మీ మామగారి వయసువాళ్ళు అప్పుడూ ఇలాగే అన్నారు.

జాలహళ్ళి క్రాస్

రేటు పెరిగినంత మాత్రాన లాభం వచ్చినట్టు కాదు. 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 2 శాతం అయింది. స్టాంపు డ్యూటీ, సెస్సులు కలిపితే 7.6 శాతం దాకా పోతుంది. 60 లక్షల సైటుకి నాలుగున్నర లక్షలు అక్కడే ఖర్చు. మళ్ళీ అమ్మేటప్పుడు బ్రోకరు కమీషను, ఆదాయపు పన్ను. ఆ సైటు మీద పదేళ్ళు వడ్డీ కడితే ఎంతవుతుందో కాగితం మీద వేసుకుని అప్పుడు అడుగు వేయండి.

కొండ కింద ఊరు

మాది చిక్కబళ్ళాపుర తాలూకా, నంది కొండ కింద. మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడ. ఇక్కణ్ణుంచి గౌరిబిదనూరు, బాగేపల్లి దాకా చాలా ఊళ్ళు ఇంతే. మీరు ఆదివారం వచ్చి దారి అడిగితే తెలుగులో చెప్పేది మేమే. ఇది మా ఇంటి సంగతి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మా నాన్న 2009లో రెండెకరాల ద్రాక్ష తోట అమ్మేశారు. రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది వెయ్యి అడుగులు దాటినా పొడి దుమ్మే లేచింది. అప్పటికే అక్క పెళ్ళి అప్పు నెత్తి మీద ఉంది. అమ్మిన డబ్బుతో అప్పు తీర్చి, పాత పెంకుటిల్లు తీసేసి మిద్దె వేసుకున్నాం. ఆ తోట ఇప్పుడు లేఅవుట్. పందిరికి నాటిన రాతి కూసాలు కొన్ని ఇంకా గట్టు మీద పడి ఉన్నాయి, పక్కనే పసుపు రంగు పూసిన సైటు రాళ్ళు. పోయిన ఏడాది మా తమ్ముడు అందులోనే ఒక థర్టీ ఫార్టీ (ముప్పై అడుగులకి నలభై అడుగులు) సైటు అడిగాడు. రెండెకరాలకి మా నాన్న చేతికొచ్చిన డబ్బు ఆ ఒక్క సైటుకి చాలలేదు. వాడు టౌన్లో అద్దెకుంటూ, మిగిలిన మా చేనికి రోజూ బండి మీద వచ్చి పోతున్నాడు. ధర పెరిగిందని సంతోషించేవాళ్ళకి ఇది కూడా తెలియాలి.

ఇక హెబ్బాళ అన్నా, నీ ప్రశ్నకి వస్తాను. ఆ లేఅవుట్‌లో నూటికి పైగా సైట్లున్నాయి. ఇళ్ళు కట్టినవి ఏడు. రాత్రి దీపం వెలిగేది మూడిళ్ళలో. మిగతాదంతా కాంగ్రెస్ గడ్డి. సైట్లు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి, మారినప్పుడల్లా రేటు ఇంకాస్త ఎక్కువ. మళ్ళీ అమ్ముకోవడానికి కొన్నవాళ్ళు పెట్టిన ధర అది. కాపురం ఉండేవాళ్ళు పెట్టింది కాదు.

మా ఊరి చివర ఒక పెద్దాయన ఉన్నారు. బెంగళూరులో రిటైరై ముచ్చటగా ఇల్లు కట్టుకున్నారు. మోకాళ్ళు అరిగాయి, ఆస్పత్రి దూరం, వాళ్ళావిడకి పలకరించే మనిషి లేడు. రెండేళ్ళుగా గేటుకి అమ్మకం బోర్డు వేలాడుతోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఆయన టేకు తలుపు తట్టి చూపిస్తారు. వాళ్ళు స్థలం కొలత అడుగుతారు. అందరూ భూమికే వెల కడుతున్నారు, ఇంటికి రూపాయి ఇస్తామనేవాళ్ళు రాలేదు. నువ్వు కట్టుకోవాలనుకుంటున్నది ఇల్లు కదా, ఒకసారి ఆయనతో కూర్చుని మాట్లాడు.

యలహంక నుంచి

కొండ కింద ఊరు గారూ, మీ తమ్ముడి గురించి చదివి బాధేసింది. కానీ రైతులు ఇష్టపడే అమ్మారు, ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. చేయి దాటిన భూమి ధర పెరిగితే కొన్నవాడి తప్పేముంది?

కొండ కింద ఊరు

కొన్నవాడి తప్పని నేననలేదన్నా. ఇష్టపడి అమ్మారు అంటేనే మనసు కలుక్కుమంటుంది. నీళ్ళు లేక అమ్మారు. అమ్మనని నిలబడ్డవాళ్ళని కూడా చూడండి. దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్న హోబళి (తాలూకాలో ఒక భాగం)లో ఏరోస్పేస్ పార్కు కోసం 13 ఊళ్ళలో 1,777 ఎకరాలు తీసుకుంటామన్నారు. రైతులు మూడేళ్ళకి పైగా ధర్నాలో కూర్చున్నారు. 2025 జులై 15న ప్రభుత్వమే ఆ ప్రతిపాదన వదులుకుంది. రేటు తెలియక కూర్చోలేదు వాళ్ళు.

మా వైపు రేటు ఎయిర్‌పోర్టుతో ఒకసారి మారింది. 2020లో భూసంస్కరణల చట్టం సవరించాక ఇంకోసారి మారింది. అంతకు ముందు వ్యవసాయ కుటుంబం కానివాళ్ళు, బయటి ఆదాయం ఏడాదికి 25 లక్షలు దాటినవాళ్ళు పొలం కొనకూడదు. ఆ అడ్డు పెట్టిన 79ఎ, 79బి సెక్షన్లు తీసేశాక ఎవరైనా కొనొచ్చు. 2023 జనవరిలో ఈశా వాళ్ళ ఆదియోగి శివుడి విగ్రహం వచ్చాక శని, ఆదివారాలు మా రోడ్డు మీద ఎద్దుల బండి దాటించలేకపోతున్నాం. ఈ మూడింటిలో ఒక్కటీ బోరులో నీళ్ళు పెంచలేదు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెచ్.ఎన్. (హెబ్బాళ-నాగవార) వ్యాలీ పథకంలో మా చెరువులకి పంపుతున్నారు. చెరువు నిండుగా కనిపిస్తుంది, తాగడానికి మాత్రం పనికిరాదు. సైటు చూసేటప్పుడు రోడ్డు వెడల్పు అడుగుతారు, బోరు లోతు ఎవరూ అడగరు.

దొడ్డబళ్ళాపుర రోడ్

అక్కగా ఒక మాట చెబుతాను, వినండి. మేము మామిడి చెట్ల మధ్య పది గుంటలు (పావెకరం) చూసి మురిసిపోయి ఐదు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. గుంటల లెక్కన తోట అమ్ముతున్నామన్నారు. లేఅవుట్ కాదు, పొలం కాబట్టి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండదని, అయినా భయం లేదని చెప్పారు. తర్వాత లాయరు చూస్తే అది ఎప్పుడో దళిత కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు భూమి. 1978 చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటి భూమి అమ్మితే చెల్లదు. 2023 సవరణ తర్వాత, ఎన్నేళ్ళు గడిచినా ఆ కుటుంబం వెనక్కి అడగొచ్చు. ఆ భూమి వాళ్ళది, వాళ్ళు అడగడం న్యాయమే. తెలిసీ మాకు చెప్పని మధ్యవర్తి ఫోనెత్తడం మానేశాడు. రెండేళ్ళు తిరిగి సగం రాబట్టుకున్నాం. ఆ ఏడాది పాప ఫీజు కోసం నా గాజులు బ్యాంకులో పెట్టాను.

ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నది తర్వాత. పహాణి (పొలం రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్టులు చూపించే పత్రం), మొదటి నుంచి ఆ భూమి ఎవరి పేరున ఎలా వచ్చిందో చూపించే పాత కాగితాలు, పొలాన్ని ఇళ్ళ స్థలంగా మార్చిన కన్వర్షన్ ఆర్డరు, పంచాయతీ ఇచ్చే ఆస్తి పత్రం ఇ-ఖాతా. ఇవన్నీ చేతిలో పెట్టుకుని, అమ్మేవాడు పంపిన లాయరు దగ్గరికి కాకుండా మీకు తెలిసిన లాయరు దగ్గరికి వెళ్ళండి. ఆదివారం లోపల ఇవ్వాలి అన్నవాడికి అసలు ఇవ్వొద్దు.

యలహంక నుంచి

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కన్వర్షన్ అయిన సైటే కొనాలి, నేనూ అదే కొన్నాను. రేట్లు పెరుగుతాయన్న నా మాట మాత్రం మార్చుకోను. అయితే నేనూ ఇంకా ఇల్లు కట్టలేదు, అది దాచను.

హెబ్బాళ వాసి

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం బ్రోకరుకి ఫోన్ చేసి సర్వే నంబరు అడిగాను. ముందు అడ్వాన్సు, తర్వాత నంబరు అన్నాడు. ఈ ఆదివారం ఇవ్వడం లేదు. కొండ కింద ఊరు తమ్ముడూ, ఆ పెద్దాయన ఇంటికి దారి నాకు విడిగా రాయి. మా ఆవిడ, నేను వస్తాం. రాత్రి ఎనిమిది దాకా అక్కడే ఉండి, ఆ చీకట్లో ఎలా ఉంటుందో కూడా చూడాలనుకుంటున్నాం.

కొండ కింద ఊరు

రాస్తాను అన్నా. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. మా నాన్న ఆ తోట గట్టు దాకా మిమ్మల్ని నడిపించుకుని వెళ్తానంటున్నారు.