తోటలో కట్టేసి ఉంచిన ముధోల్ కుక్కను ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న (నల్లగొండ)

మిత్రులకు నమస్కారం. మా పట్టణ శివారులోని ఒక బత్తాయి తోటలో చాలాకాలం గొలుసుతో కట్టేసి ఉంచిన ముధోల్ జాతి కుక్కను, తోట చేతులు మారాక కొత్త యజమాని వద్దనడంతో, జంతువులను ఆదుకునే కొందరు యువకులు తీసుకొచ్చి తాత్కాలికంగా సాకుతున్నారు. మగది. వయసు రెండేళ్లు ఉంటుందని పశువైద్యుడు అంచనా వేశారు. దాన్ని తెచ్చుకోవాలని మా ఇంటిల్లిపాదికీ ఉంది. మేము చూడడానికి వెళ్లినప్పుడు నెమ్మదిగా వచ్చి నా భార్య చేతిని వాసన చూసి పక్కన నిలబడుతుంది. గేటు అవతల పిల్లి కదిలితే మాత్రం ఒళ్లంతా బిగుసుకుపోతుంది, ఎంత పిలిచినా వినిపించుకోదు.

మా ఇంటి చుట్టూ నాలుగడుగుల ప్రహరీ ఉంది. ఎనిమిదేళ్ల కూతురు ఉంది. సెలవులకు దేవరకొండ దగ్గరి మా అత్తగారి ఊరికి వెళ్తుంటాం, అక్కడ మేకలు, కోళ్లు ఉన్నాయి. పొద్దున, సాయంత్రం కలిపి గంటన్నర సమయం ఇవ్వగలను. వేటకుక్క పట్నంలో బతకదనీ, తమ చేను దగ్గర వదిలేస్తే స్వేచ్ఛగా తిరుగుతుందనీ మా బావమరిది అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్, ఇదే జాతి కుక్కను పెంచుతున్నాను)

మీరు ఇవ్వగలిగే గంటన్నర సరిపోతుంది. ఈ కుక్కలు రోజంతా పరుగెత్తుతూనే ఉంటాయని చాలామంది భయపడతారు గానీ, చూపుతో వేటాడే జాతులు కొద్దిసేపు విపరీతమైన వేగంతో పరుగెత్తి మిగిలిన పొద్దంతా పడుకుంటాయి. మా ఇంట్లోది ఉదయం పరుగు ముగిశాక మధ్యాహ్నం దాకా దివాన్ దిగదు. మీరు ఆలోచించవలసింది దాని శక్తి గురించి కాదు, దాని చూపు గురించి. నేటి కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో ఉన్న ముధోల్‌ను పాలించిన ఘోర్పడే వంశీయుల ఆదరణలో పేరు తెచ్చుకున్న ఈ జాతిని, దక్కన్ మైదానాల్లో దూరాన కదిలే కుందేలును కంటితో పసిగట్టి, మనిషి ఆజ్ఞ కోసం ఆగకుండా తనంతట తానే వెంటాడేలా తరతరాలుగా పెంచారు. కనుక పిల్లిని చూసిన క్షణాన మీ మాట వినకపోవడాన్ని పొగరుగా భావించకండి, దానికోసం చెయ్యి ఎత్తకండి. కొట్టినందువల్ల ఆ స్వభావం పోదు, మీ మీద నమ్మకం మాత్రం పోతుంది.

నాలుగడుగుల గోడ దానికి అడ్డే కాదు. కుక్కను తెచ్చేలోపే గోడపైన ఇనుప జాలీ బిగించి ఎత్తు ఆరడుగులకు తగ్గకుండా చూడండి, గేటు కింది సందు కూడా మూయించండి. దీని తల మెడకంటే సన్నగా ఉంటుంది గనుక మామూలు పట్టీ వెనక్కి గుంజుకుంటే ఊడివస్తుంది. లాగినప్పుడు కొద్దిగా బిగుసుకుని ఆగే మార్టింగేల్ పట్టీ కొనండి. ఖాళీ స్థలంలో తిప్పడానికి ఇరవై అడుగుల తాడు వాడవచ్చు గానీ, దాన్ని మెడకు కాకుండా ఛాతీపట్టీకే కట్టాలి, ఎందుకంటే పూర్తి వేగంలో తాడు చివరికొచ్చి ఆగితే మెడకు పెద్ద దెబ్బే తగులుతుంది. పరుగు కోసం, చుట్టూ గోడ ఉన్న పాఠశాల మైదానంలో సెలవురోజు అనుమతి అడగండి. అది దొరకని రోజున ఇంటి ఆవరణలోనే వెదురు కర్రకు తాడు, తాడు చివర పాతగుడ్డ కట్టి నేలమీద గుండ్రంగా తిప్పితే పావుగంటలో తృప్తిగా అలసిపోతుంది.

పిలుపు నేర్పేటప్పుడు దాని ఒంటిని గమనించండి. చెవులు నిక్కుతాయి, తోక కదలిక ఆగుతుంది, ముందుకాలు ఒకటి గాలిలో నిలుస్తుంది. పిలవవలసిన సమయం అదే. తల మీ వైపు తిప్పితే వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టండి. పరుగు మొదలైన తరువాత ఏ పిలుపూ పనిచేయదు, అందుకే ఎంత మచ్చికైనా రోడ్డు మీద తాడు విప్పవద్దు.

జవాబు (అచ్చంపేట)

మీ బావమరిది గారు మంచి మనసుతోనే అని ఉంటారు, అయినా నేను ఒప్పుకోను. చేలల్లో ఒంటరిగా తిరిగే వేటకుక్కకు మా వైపు ఆయుష్షు తక్కువ. అడవిపందుల కోసం పెట్టే ఉచ్చులకు, కరెంటు తీగలకు ముందుగా బలయ్యేది ఇలాంటి కుక్కలే. రాత్రిపూట లైట్లు వేసి చెవులపిల్లుల వేటకు వెళ్లేవారి కంట పడితే దాన్ని పట్టుకుపోతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువును తరమడాన్ని కూడా వేటగానే లెక్కిస్తుంది. కుందేలుకూ చట్టరక్షణ ఉంది, నెమలి అయితే మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. రెండేళ్లు గొలుసుకు బతికిన ప్రాణికి కావలసింది తోడుండే మనుషులు. దయచేసి చేనుకు పంపకండి.

జవాబు (పశువైద్యుడు, సూర్యాపేట)

వైద్యపరంగా కొన్ని మాటలు. తోటలో పెరిగిన కుక్క కనుక పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బెబీసియా వ్యాధులకు రక్తపరీక్ష ముందే చేయించండి. చిగుళ్లు పాలిపోవడం, జ్వరం, ముక్కునుంచి రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. రేబిస్ టీకా ఏటా తప్పనిసరి, జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు. సంతాన నిరోధక శస్త్రచికిత్సకు తీసుకెళ్లినప్పుడు ఇది చూపుతో వేటాడే జాతి అని వైద్యుడికి గుర్తుచేయండి. వీటి ఒంట్లో కొవ్వు చాలా తక్కువ కాబట్టి థయోపెంటోన్ వంటి మత్తుమందుల నుంచి ఆలస్యంగా తేరుకుంటాయి, వేరే మందు ఎంచుకోవడం మంచిది.

డొక్కలు, పక్కటెముకల్లో చివరివి కొన్ని కనిపించడం ఈ జాతిలో సహజం. బక్కచిక్కిందని అతిగా మేపకండి. జొన్న గటక, మజ్జిగ మాత్రమే పెడితే కండ పట్టదు, గుడ్డో మాంసమో రోజూ ఉండాలి. ఛాతీ లోతైన కుక్కలకు కడుపు మెలిపడే ప్రమాదం ఉంది, కాబట్టి తిండిని రెండు పూటలుగా పంచి, తిన్న వెంటనే పరుగెత్తనివ్వకండి. మన ఎండాకాలంలో సూర్యోదయానికి ముందే తిప్పాలి. సాయంత్రం తారురోడ్డు మీద మీ అరచేతిని కొద్దిసేపు ఆనించి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది.

ప్రశ్న అడిగినవారు (నల్లగొండ)

అందరికీ ధన్యవాదాలు. జాలీ పని పూర్తయ్యేదాకా కుక్కను తమ దగ్గరే ఉంచుకుంటామని ఆ యువకులు ఒప్పుకున్నారు. ఆలోపు రక్తపరీక్ష చేయిస్తాను. పాప విషయంలోనూ, ఊళ్లో మేకల విషయంలోనూ ఎలా మసలుకోవాలో ఇంకొంచెం చెప్పగలరా?

జవాబు (మహబూబ్‌నగర్)

కొత్తవారు ఒంటిమీద చెయ్యి వేయడం ఈ జాతికి నచ్చదు. పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు ముట్టుకోవద్దని, మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోవద్దని పాపకు ముందే చెప్పండి, మొదటి నెలల్లో ఇద్దరినీ ఒంటరిగా వదలకండి. తన చేత్తో తిండి గిన్నె పెట్టి దూరం జరగడం పాప చేయదగిన మొదటి పని. ఊరికి ఈ సెలవుల్లోనే తీసుకెళ్లవద్దు. వెళ్లినప్పుడు మేకలను కొట్టంలో కట్టి ఉంచి, బాగా దూరం నుంచి తాడుతో చూపిస్తూ, అది నిదానంగా ఉంటేనే రోజుకు కొంత దగ్గరకు జరపండి. కోళ్ల విషయంలో మాత్రం ఎన్నేళ్లయినా నమ్మకం పెట్టుకోకండి. వాటిని గంప కింద మూశాకే కుక్కను బండి దింపండి.