10 లక్షల మాలిక్యూల్స్ ఫింగర్‌ప్రింట్లు 8 జీబీ ల్యాప్‌టాప్‌లో పట్టట్లేదు: ఆర్‌డీకిట్ సందేహం

కొత్త స్కాలర్:
అందరికీ నమస్కారం. నేను ఫార్మసీ నుంచి వచ్చాను, పైథాన్ నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. చెంబల్ డేటాబేస్ నుంచి దాదాపు 10 లక్షల కాంపౌండ్ల స్మైల్స్ (మాలిక్యూల్ నిర్మాణాన్ని అక్షరాల్లో రాసే పద్ధతి) దించుకున్నాను. మా గైడ్ గారు ఇచ్చిన ఒక మాలిక్యూల్‌ని పోలినవి వాటిలో ఏమేం ఉన్నాయో వెతకాలి. దానికి ఆర్‌డీకిట్ అనే కెమిస్ట్రీ లైబ్రరీలో మోర్గన్ ఫింగర్‌ప్రింట్ (మాలిక్యూల్‌లో ఏయే ముక్కలున్నాయో సున్నాలూ ఒకట్లతో గుర్తుపెట్టే వరస) వాడుతున్నాను, రేడియస్ 2 (ఒక్కో పరమాణువు చుట్టూ రెండు బంధాల దూరం దాకా), 2048 బిట్లు. ఒక్కో ఫింగర్‌ప్రింట్‌నీ నంపై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) అర్రేగా మార్చి లిస్టులో వేస్తున్నాను. నాలుగు లక్షలు దాటకముందే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది. ర్యామ్ 8 జీబీ, ఉబుంటు. 2048 బిట్లంటే 256 బైట్లే కదా, 10 లక్షలకి 256 ఎంబీ అవ్వాలి. మరి ఎక్కడికి పోతోంది మెమరీ అంతా? కంప్రెస్ చేసే దారి ఏమైనా ఉందా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

బిట్ల బాబాయ్:
లెక్క సరిగ్గానే వేశావమ్మా, కానీ కంప్యూటర్ నీ లెక్క ప్రకారం దాచట్లేదు. ఫింగర్‌ప్రింట్‌ని నేరుగా ఎన్‌పీ డాట్ అర్రేలో పెడితే ఒక్కో బిట్టూ 64 బిట్ల పూర్ణాంకం అయి కూర్చుంటుంది. అంటే ఒక్క సున్నాకి 8 బైట్లు. 2048 ఇంటూ 8, మాలిక్యూల్‌కి 16,384 బైట్లు. 10 లక్షలకి 16 జీబీ పైనే. ఆవగింజ దాచడానికి గాదె కట్టినట్టు.

ముందుగా ఇది చెయ్యి: నంపైలోకి మార్చడం మానెయ్. ఆర్‌డీకిట్ ఇచ్చే ఎక్స్‌ప్లిసిట్ బిట్ వెక్ట్‌ని అలాగే లిస్టులో ఉంచు. అది లోపల బిట్‌ని బిట్‌గానే దాచుకుంటుంది. పోలిక చూడటానికి డేటా స్ట్రక్ట్స్‌లో బల్క్ టానిమోటో సిమిలారిటీ ఉంది, నీ మాలిక్యూల్ ఒకటి, మిగతా లిస్టు ఒకటి ఇస్తే స్కోర్లన్నీ ఒకేసారి వస్తాయి. దానికి నంపై అక్కర్లేదు.

(గ్రూపు నియమం ప్రకారం ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో వేసుకోండి, ఖాళీలు లేకుండా.)

ల్యాబ్ సీనియర్:
బాబాయ్ గారు చెప్పింది కరెక్ట్. ఇంకో రెండు మాటలు.

ఒకటి, మీరు పాత ఫంక్షన్ వాడుతున్నట్టున్నారు, గెట్ మోర్గన్ ఫింగర్‌ప్రింట్ యాజ్ బిట్ వెక్ట్ అని ఉంటుందే, అది. కొత్త వెర్షన్లలో అది ప్రతి మాలిక్యూల్‌కీ ఒక హెచ్చరిక ముద్రిస్తుంది, స్క్రీన్ నిండిపోతుంది. దాని బదులు ఆర్‌డీ ఫింగర్‌ప్రింట్ జనరేటర్ మాడ్యూల్‌లో గెట్ మోర్గన్ జనరేటర్ వాడండి. రేడియస్ 2, ఎఫ్‌పీ సైజ్ 2048 అని ఇచ్చి జనరేటర్‌ని లూప్ బయట ఒక్కసారే తయారుచేసుకోండి. లోపల గెట్ ఫింగర్‌ప్రింట్ అని పిలిస్తే చాలు.

రెండు, స్మైల్స్ తప్పుగా ఉంటే మాల్ ఫ్రమ్ స్మైల్స్ ఎర్రర్ ఇచ్చి ఆగదు, నన్ (ఏమీ లేదు అని అర్థం) తిరిగిస్తుంది. అది చూసుకుని వదిలెయ్యాలి. ఫింగర్‌ప్రింట్లు ఒక లిస్టులో, ఐడీలు ఇంకో లిస్టులో విడివిడిగా పెడితే మధ్యలో ఒకటి జారిన దగ్గర్నుంచి అన్నీ ఒక మెట్టు పక్కకి జరుగుతాయి. నా మొదటి ప్రాజెక్టులో సరిగ్గా ఇలాగే వారం రోజులు వేరే మాలిక్యూల్‌ని మంచి హిట్ అనుకుని మురిసిపోయాను. ఐడీ, ఫింగర్‌ప్రింట్ ఎప్పుడూ జంటగా ఉంచండి.

కొత్త స్కాలర్:
చాలా థాంక్స్ అండీ. నంపై తీసేశాక మొత్తం మెమరీలో పట్టింది! కానీ ప్రతిసారీ మొదట్నుంచి తయారుచేయాలంటే చాలా సేపు పడుతోంది. డిస్క్ మీద దాచుకుందామని టూ బిట్ స్ట్రింగ్‌తో సున్నాలూ ఒకట్లూ సీఎస్‌వీలో రాశాను. ఫైలు 2 జీబీ దాటింది. ఇప్పుడు కంప్రెషన్ సంగతి చెప్పండి ప్లీజ్.

బిట్ల బాబాయ్:
టూ బిట్ స్ట్రింగ్ కంటితో చూసుకోవడానికి పనికొస్తుంది, దాచడానికి కాదు. ఒక్కో బిట్‌కి ఒక అక్షరం, అంటే ఒక బైటు. అందుకే 2 జీబీ.

నీకున్న మంచి దారి ఎక్స్‌ప్లిసిట్ బిట్ వెక్ట్‌కి ఉన్న టూ బైనరీ. అది బిట్లన్నీ రాయదు. ఎక్కడెక్కడ ఒకటి ఉందో, వాటి మధ్య దూరాలు మాత్రం రాస్తుంది. చిన్న ఉదాహరణ చూడు. ఒక మాలిక్యూల్‌లో వెలిగిన బిట్లు ఇవనుకో: 33, 80, 294, 389, 650. వీటిని ఉన్నవి ఉన్నట్టు రాస్తే ముందుకెళ్లేకొద్దీ అంకెలు పెరిగిపోతాయి. దూరాలుగా రాస్తే 33, 47, 214, 95, 261. (లోపల ఒకటి అటూ ఇటూ ఉంటుంది, పద్ధతి ఇదే.) 128 లోపు దూరానికి ఒక్క బైటు చాలు, అంతకు మించితే రెండు. మందుల సైజు మాలిక్యూల్‌కి రేడియస్ 2తో సుమారు 40, 50 బిట్లు వెలుగుతాయి. 2048లో 45 వెలిగితే సగటు దూరం 45 చిల్లర, కాబట్టి ఎక్కువ భాగం ఒక్క బైటులో సర్దుకుంటాయి. ముందు వెర్షన్, మొత్తం సైజు, ఎన్ని వెలిగాయి అనే మూడు అంకెలకి 12 బైట్లు. అన్నీ కలిపి 60, 70 బైట్లు. 256తో పోలిస్తే నాలుగో వంతు, ఒక్క బిట్ కూడా పోకుండా.

తిరిగి చదవడం: ఆ బైట్లని ఎక్స్‌ప్లిసిట్ బిట్ వెక్ట్ బ్రాకెట్లలో ఇస్తే వెక్టర్ లేచి కూర్చుంటుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టుకో, ఐడీ ఒక కాలమ్, ఈ బైట్లు బ్లాబ్‌గా (ముడి బైట్లుగా) ఇంకో కాలమ్.

ఒక్క జాగ్రత్త. ఇది మోర్గన్ లాంటి పలచటి ఫింగర్‌ప్రింట్లకే లాభం. ఆర్‌డీకిట్ సొంత పాత్ ఫింగర్‌ప్రింట్ ఉంది చూశావూ, దాంట్లో వందల్లో వెలుగుతాయి, పెద్ద మాలిక్యూల్స్‌కి వెయ్యి కూడా దాటుతాయి. వెయ్యి వెలిగితే ఈ పద్ధతిలో వెయ్యి బైట్ల పైన అవుతుంది. కంప్రెస్ చెయ్యకపోతే 256తో పోయేది. అలాంటి వాటికి బిట్ వెక్ట్ టూ బైనరీ టెక్స్ట్ మేలు, ఎనిమిది బిట్లని ఒక బైటులో కుదించి నేరుగా రాసేస్తుంది.

డేటా దుకాణం:
బాబాయ్, ఇంత తతంగం ఎందుకు, జీజిప్ కొడితే పోదా?

బిట్ల బాబాయ్:
మొత్తం ఫైలుని ఒకేసారి కొడితే బాగానే తగ్గుతుంది తమ్ముడూ, సున్నాలే ఎక్కువ కదా. మిత్రులకి పంపడానికైతే అదే చెయ్యి. కానీ ఏడు లక్షలో నంబరు ఫింగర్‌ప్రింట్ కావాలంటే ముందున్నవన్నీ విప్పుకుంటూ పోవాలి. పోనీ ఒక్కోదాన్నీ విడిగా జీజిప్ చేద్దామా అంటే, దాని తలా తోకా కలిపి 18 బైట్లు ప్రతిదానికీ అంటుకుంటాయి. దూరాల పద్ధతికే నా ఓటు.

కొత్త స్కాలర్:
బాబాయ్ గారూ, ఫోల్డ్ ఫింగర్‌ప్రింట్ అని ఒకటి కనిపించింది. 2048ని 512 చేస్తే నాలుగో వంతు అవుతుందిగా అని అదీ చేశాను. ఫైలు తగ్గింది. కానీ పోలిక స్కోరు 0.7 దాటిన హిట్లు 212 ఉండేవి, ఇప్పుడు 340 వచ్చాయి. సంతోషపడాలా, భయపడాలా?

ల్యాబ్ సీనియర్:
భయపడండి :)

ఫోల్డింగ్ కంప్రెషన్ కాదు. చీరని మడత పెడితే మళ్లీ విప్పుకోవచ్చు. ఇది అలాంటి మడత కాదు, విప్పలేరు. 2048ని 1024 చేసినప్పుడు రెండో సగాన్ని తెచ్చి మొదటి సగం మీద పెట్టి, రెండింట్లో ఏది వెలిగినా వెలిగినట్టే లెక్క వేస్తుంది. 37వ బిట్, 1061వ బిట్ రెండూ 37లోకే వస్తాయి. ఒకటి బెంజీన్ రింగ్ పక్క నైట్రోజన్‌ది, ఇంకొకటి ఏదో ఎస్టర్‌ది అయినా సరే, ఆ తర్వాత తేడా తెలీదు.

స్కోరు ఎలా పెరుగుతుందో చూడండి. టానిమోటో అంటే ఇద్దరిలోనూ ఉన్న బిట్లని, ఇద్దరిలో ఎవరికో ఒకరికి ఉన్న మొత్తం బిట్లతో భాగించడం. ఒకదానికి 40, ఇంకోదానికి 44, ఉమ్మడిగా 28 అనుకోండి. 28 బై 56, సరిగ్గా 0.5. మడత పెట్టాక కొన్ని ఒకదానిమీద ఒకటి పడి 39, 42 అయ్యాయనుకోండి, వేర్వేరు ముక్కలు ఒకే గదిలో కలిసి ఉమ్మడి 29 అయింది. 29 బై 52, అంటే 0.56. మాలిక్యూల్స్ మారలేదు, స్కోరు మారింది. మీకు కొత్తగా వచ్చిన 128 హిట్లలో చాలావరకు ఇలాంటివే అయ్యుంటాయి.

ఫోల్డింగ్ అస్సలు వాడకూడదని కాదు. మోర్గన్‌లో 2048ని 1024కి మడిచినా, మొదటే ఎఫ్‌పీ సైజ్ 1024 అని తయారుచేసినా ఫలితం ఒకటే, ఎందుకంటే ప్రతి ముక్క హ్యాష్‌నీ (ఆ ముక్కకి లెక్కగట్టిన సంఖ్యని) సైజుతో భాగించి శేషం తీసుకోవడమే జరుగుతోంది. మీరే రెండూ చేసి సమానమో కాదో చూసుకోవచ్చు. మాక్స్ కీస్‌ని (ముందే నిర్ణయించిన ముక్కల జాబితాతో చేసే ఇంకో రకం ఫింగర్‌ప్రింట్) మాత్రం మడవద్దు. వాటిలో ప్రతి బిట్‌కీ ఒక అర్థం ఉంది, మడిస్తే మిగిలేది చెత్త.

కొత్త స్కాలర్:
అర్థమైంది. 2048కే తిరిగి వచ్చేశాను. కానీ ఇంకో వింత. సగం ఫైలు నేను ముందే నంపై ప్యాక్‌బిట్స్‌తో 256 బైట్లుగా దాచాను, మిగతా సగం ఇప్పుడు బిట్ వెక్ట్ టూ బైనరీ టెక్స్ట్‌తో రాశాను. రెండూ 256 బైట్లే కదా అని కలిపేశాను. పరీక్షకని ఆస్పిరిన్‌ని ఆస్పిరిన్‌తో పోలిస్తే 1 రావాలి, 0 వచ్చింది! లైబ్రరీలో బగ్ ఉందా?

బిట్ల బాబాయ్:
లైబ్రరీది తప్పు కాదమ్మా. ఆస్పిరిన్‌తో చూడాలని తోచడం మాత్రం భలే మంచి బుద్ధి, చాలామంది ఆ పని చెయ్యరు.

బైటులో ఎనిమిది గదులు. మొదటి బిట్‌ని ఎడమ చివర పెట్టాలా, కుడి చివర పెట్టాలా అన్నది ఎవరి అలవాటు వాళ్లది. 0వ బిట్ ఒక్కటే వెలిగిన బైటుని నంపై మామూలుగా పై చివర్నుంచి నింపుతుంది, 128 వస్తుంది, హెక్సాలో 80. ఆర్‌డీకిట్, ఎఫ్‌పీఎస్ ఫార్మాట్ (ఫింగర్‌ప్రింట్లని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) కింది చివర్నుంచి నింపుతాయి, 1 వస్తుంది, హెక్సాలో 01. అన్నీ నంపైతోనే రాసి ఉంటే స్కోర్లు సరిగ్గానే వచ్చేవి, అన్నీ ఒకేలా తిరగబడి ఉంటాయి కాబట్టి. కలిపినప్పుడే కొంప మునిగింది. ఎర్రర్ కూడా రాదు, అదే దీంతో చిక్కు. ప్యాక్‌బిట్స్‌కి బిట్‌ఆర్డర్ లిటిల్ అని ఇస్తే రెండూ కలుస్తాయి. పాత సగాన్ని ఒకసారి విప్పి అలా మళ్లీ ప్యాక్ చెయ్యి.

ఏ చేత్తో రాశామో ఆ చేత్తోనే చదవాలి. టూ బైనరీతో రాసింది ఎక్స్‌ప్లిసిట్ బిట్ వెక్ట్‌తో. బైనరీ టెక్స్ట్‌తో రాసింది క్రియేట్ ఫ్రమ్ బైనరీ టెక్స్ట్‌తో. ఎఫ్‌పీఎస్ టెక్స్ట్ అయితే క్రియేట్ ఫ్రమ్ ఎఫ్‌పీఎస్ టెక్స్ట్‌తో. జేసన్‌లో పంపాలంటే బేస్64 (బైట్లని మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి), 256 బైట్లు 344 అక్షరాలవుతాయి, అది తప్పదు.

డేటా దుకాణం:
మాక్స్ కీస్ మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. ఆర్‌డీకిట్‌లో అవి 167 బిట్లు (కీస్ 166, సున్నావ బిట్ ఖాళీ). బైనరీ టెక్స్ట్‌గా రాస్తే 21 బైట్లు. తిరిగి చదివితే 168 బిట్ల వెక్టర్ వస్తుంది, బైట్లకి 167 అన్న సంగతి ఎలా తెలుస్తుంది పాపం. దాన్ని తాజాగా తయారుచేసిన 167తో పోల్చబోతే సైజులు కలవట్లేదని ఎర్రర్. టూ బైనరీలో సైజు కూడా రాసి ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. నిజంగా ఒక పూట పోయింది నాకు.

ల్యాబ్ సీనియర్:
స్పీడు కోసం ఒక చిట్కా. టేబుల్‌లో ఇంకో కాలమ్ పెట్టి, ఎన్ని బిట్లు వెలిగాయో (గెట్ నమ్ ఆన్ బిట్స్) రాసుకోండి. స్వామిదాస్, బాల్డీ 2007లో రాసిన పేపర్‌లోది ఈ ఉపాయం: ఒకదానికి 42, ఇంకోదానికి 20 వెలిగితే, 20కి 20 కలిసినా స్కోరు 20 బై 42 దాటదు. కాబట్టి మీ మాలిక్యూల్‌కి 42 వెలిగి, 0.7 పైన కావాలంటే 30 నుంచి 60 దాకా వెలిగినవి చూస్తే చాలు. మిగతావి విప్పనే అక్కర్లేదు. కచ్చితమైన జవాబే వస్తుంది, ఒక్క హిట్ కూడా జారదు.

కొత్త స్కాలర్:
అంతా చేశాను! 9,97,000 చిల్లర కాంపౌండ్లు మిగిలాయి, మిగతావి పాడు స్మైల్స్. ఫింగర్‌ప్రింట్ల బైట్లు మాత్రం కూడితే 66 ఎంబీ. ఆస్పిరిన్‌తో ఆస్పిరిన్ 1. హిట్లు మళ్లీ 212. పాత, కొత్త పద్ధతుల్లో ఒక వెయ్యి తీసి బిట్ బిట్ పోల్చాను, అన్నీ ఒకటే. బాబాయ్ గారికి, సీనియర్ గారికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు.

చివరిగా ఒకటి. మా గైడ్ గారు ఈ ఫింగర్‌ప్రింట్లన్నీ ఎక్సెల్‌లో పెట్టి పంపమంటున్నారు. పడతాయా?

బిట్ల బాబాయ్:
వరసలు 10,48,576 దాకా ఉంటాయి, నీవి బొటాబొటిగా పడతాయి. సెల్‌కి 32,767 అక్షరాలు, 2048 కూడా పడతాయి. ఆ ఫైలు తెరిచేలోపు సార్ టీ తాగి, క్లాసు తీసుకుని వచ్చేస్తారు. 212 హిట్లకి ఐడీ, స్మైల్స్, స్కోరు, ఈ మూడు కాలమ్‌లు పంపు. బిట్లు అడిగితే అప్పుడు చూద్దాం, అడగరు.