ఊపిరితిత్తుల క్యాన్సర్: అందరికీ ఒకే గుర్తా, ఎవరి గుర్తు వాళ్లకా?

నీలిమబ్బు:
రోగనిరోధక కణాలు కణితిని పోల్చుకోవాలంటే దాని మీద ఒక గుర్తు కావాలి. అదే యాంటిజెన్. మేజ్-ఏ3 అనే ప్రొటీన్ లాగా చాలామంది కణితుల్లో కనిపించేవాటిని వెతకడం మేలా, లేక ఒక్కొక్కరి కణితిలోని మ్యుటేషన్ల (జన్యువుల్లో వచ్చిన మార్పుల) నుంచి పుట్టే నియోయాంటిజెన్లనా?

సూదిమొన:
ఉమ్మడి యాంటిజెన్ల కథ ముగిసింది. ఆపరేషన్ అయిన 2,272 మందికి మేజ్-ఏ3 టీకానో, మందు లేని ఇంజెక్షనో ఇచ్చి చూశారు. ఫలితాలు 2016లో వచ్చాయి. క్యాన్సర్ తిరగబెట్టకుండా గడిచిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంకా దేనికి ఈ పాకులాట?

పాతకాపు:
ఓడిపోయింది టీకా, యాంటిజెన్ కాదు. అందులో ఉన్నది ప్రొటీన్. ప్రతిరక్షకాలు పుట్టాయి గాని, కణితిని చంపాల్సిన సీడీ8 టి-కణాలు సరిగా మేలుకోలేదు. తాళంచెవి తిరగకపోతే ఇల్లే లేదంటారా?

సూదిమొన:
తిరిగిన తాళంచెవి సంగతీ చెప్పండి మరి. మేజ్-ఏ3ని పట్టే టి-కణాలు ఎక్కించిన ఇద్దరు రోగులు గుండె దెబ్బతిని చనిపోయారని 2013లో వెల్లడైంది. వాళ్లకున్నవి వేరే క్యాన్సర్లు, గురి మాత్రం ఇదే. గుండె కండరంలోని టైటిన్ ప్రొటీన్ ముక్కను ఆ కణాలు మేజ్-ఏ3 అనుకున్నాయి. రెండు ముక్కల్లోనూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాలు, అందులో అయిదు ఒకటే.

పాతకాపు:
నాలుగు వేరు కదా!

సూదిమొన:
నాలుగు వేరైనా ప్రాణాలు పోయాయి.

పాతకాపు:
ఆ టి-కణాలు గుర్తును పట్టుకునే గ్రాహకాన్ని ప్రయోగశాలలో మార్చి పట్టు పెంచారు. సహజమైన కణం అలా పొరబడిందని ఎవరూ చెప్పలేదు. నాలుగు తేడాలను మీరు లెక్కలోకే తీసుకోవడం లేదు.

చినుకు:
ఇద్దరూ వేళ్లు లెక్కపెట్టడం ఆపితే మేమూ ఏదైనా నేర్చుకుంటాం.

గవాక్షం:
నియోయాంటిజెన్లకూ గ్యారంటీ లేదు. యాంటిజెన్ ముక్కలను కణం పైకి తెచ్చి చూపేవి హెచ్‌ఎల్‌ఏ అణువులు. తొలి దశ ఊపిరితిత్తుల కణితుల్లో దాదాపు 40 శాతం, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ఒక హెచ్‌ఎల్‌ఏ ప్రతిని పోగొట్టుకున్నాయని 2017లో ఊపిరితిత్తుల కణితులు ఎలా మారుతాయో పరిశోధించే ట్రేసర్ఎక్స్ బృందం చూపింది. చూపే చెయ్యే లేకపోతే గుర్తు ఉన్నా లేనట్టే.

సూదిమొన:
అందుకే కణితి అంతటా ఉండే మ్యుటేషన్లను ఎంచుకోవాలంటున్నాను. పాతకాపు గారికి పాతవాటి మీద మమకారం, అంతే.

పాతకాపు:
మమకారమా? మా అక్క జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టలేదు. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మ్యుటేషన్ ఉన్న కణితి. పొగతాగేవాళ్ల కణితుల్లో మ్యుటేషన్లు కుప్పలుగా ఉంటాయి, ఏరుకోవడానికి బోలెడు గుర్తులు. ఆమెకు వచ్చిన జాబితా అర పేజీ కూడా లేదు. ఆమెకే ప్రత్యేకంగా టీకా తయారుచేయాలంటే పనికొచ్చే లక్ష్యాలు లేవని ఒక్క వాక్యంలో తేల్చారు. మీ పద్ధతి ఎవరిని బయట నిలబెడుతుందో నేను కళ్లారా చూశాను.

సూదిమొన:
మా నాన్నను బయట నిలబెట్టింది మీ పద్ధతే. మేజ్-ఏ3 కనిపించేది మూడో వంతు కణితుల్లోనే. ఆయన కణితిలో లేదు. పరీక్ష కాగితం మీద “నెగటివ్” అన్న ముద్ర, కింద సంతకం. పొగ తాగి తెచ్చుకున్నాడని బంధువులు అంటూనే ఉన్నారు. ఆ మ్యుటేషన్లే ఆయనకు అక్కరకొస్తాయని నేను ఆశపడితే, అదీ తప్పేనా?

చినుకు:
అంటే ఇంతసేపూ యాంటిజెన్ల గురించి కాదన్నమాట మీ గొడవ. ఎవరింటి మనిషి మిగిలిపోయారన్నదా?

పాతకాపు:
అవును. అదే.

గవాక్షం:
అంచనాలు పక్కన పెట్టి, కణితి పైకి నిజంగా ఏ ముక్కలు వచ్చాయో అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూడవచ్చు. మ్యుటేషన్లు తక్కువున్న కణితిలోనూ వేరే గుర్తులు బయటపడవచ్చు. కంప్యూటర్ ఊహించినవాటిలో చాలా భాగం అసలు పైకే రావు.

పాతకాపు:
దానికి కణజాలం చాలా కావాలి. సూదితో తీసిన ముక్క చాలదు.

సూదిమొన:
అయితే అది కూడా ఆపరేషన్ అయినవాళ్లకే. మీ అక్కగారికి అయిందా?

పాతకాపు:
లేదు.