పెద్దవాళ్లకు కింది అంతస్తు ఇస్తే సరిపోతుందా?

కాలువగట్టు:
విజయవాడలో పేదలకు కట్టే అపార్టుమెంట్లలో వృద్ధులకు, పిల్లలతో ఒంటరిగా ఉండే తల్లులకు కింది అంతస్తే కేటాయించాలని నా వాదన. ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాలు కూడా వృద్ధులకు, వికలాంగులకు కింది అంతస్తులో ప్రాధాన్యం ఇవ్వమంటాయి. లిఫ్టు ఖర్చూ తప్పుతుంది. ఎవరికైనా అభ్యంతరమా?

పాయకాపురం వాసి:
నాకుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో మునిగింది ఆ కింది అంతస్తే. మెట్లు ఎక్కలేరని కింద ఉంచిన మనిషినే ఆ రోజు పైకి మోయాలి. ఎవరు మోస్తారు?

పై అంతస్తు సంగతి వేరు. మే ఎండలో శ్లాబు పగలంతా పీల్చిన వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లలోని షియర్ వాల్ పద్ధతిలో గోడలూ కాంక్రీటే. ఫ్లై యాష్ ఇటుకల గోడకన్నా దాంట్లోంచి వేడి సులువుగా దాటుతుంది. నెలకు 4,000 రూపాయల వితంతు పింఛనుతో బతికే తల్లిని అక్కడ పెట్టి ఏసీ కొనుక్కోమంటామా?

కాబట్టి కింద స్తంభాలు లేపి ఖాళీ వదలండి, లిఫ్టు పెట్టండి, డాబా మీద సౌర ఫలకాలు బిగించండి. ఫలకాల నీడ శ్లాబును ఎండ నుంచి కాపాడుతుంది, కరెంటు లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ పనికొస్తుంది. నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకు కేంద్రం సోలారు పథకం పీఎం సూర్యఘర్ కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ఇస్తోంది. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి.

గుంటూరు మేస్త్రి:
లిఫ్టు పెట్టడానికేం, ఎవరైనా పెడతారు. నడిపేదెవరండీ? పైగా గ్రిడ్‌కు కలిపిన సోలారు, లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. వరద రోజు మీ లిఫ్టు కదలదు.

పాయకాపురం వాసి:
కదలకపోతే ఏం? అప్పటికే ఆ పెద్దావిడ రెండో అంతస్తులో ఉంటారు కదా! మీ మాటల్లో బరువున్నది నిర్వహణ గురించే. ఇంటింటికీ చందా వేస్తే ఎగ్గొట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. కింది ఖాళీలో టిఫిను బళ్లకు అద్దెకిచ్చి, ఆ డబ్బును లిఫ్టు సర్వీసుకే కట్టేయాలి. నీళ్లొస్తే బండిని తోసుకుపోవచ్చు.

కాలువగట్టు:
స్తంభాల సంగతి ఒప్పుకుంటాను. డాబా మాత్రం మొత్తం ఇవ్వను. అంతా ఫలకాలే అయితే బట్టలు, వడియాలు, మిరపకాయలు ఎక్కడ ఆరబెట్టుకోవాలి?