స్లాబు ఇల్లున్నా తుఫానుకి ఊరు ఖాళీ చేయాల్సిందేనా?

ఓడలరేవు కుర్రాడు:

మా ఇంట్లో తెగని గొడవ ఇక్కడ పెడుతున్నాను. మాది అల్లవరం మండలం, సముద్రానికి దగ్గర ఊరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది కదా, దానికి ముందు నుంచే రెవెన్యూ వాళ్ళు ఇంటింటికీ తిరిగి హైస్కూల్లో పెట్టిన కేంద్రానికి వెళ్ళమన్నారు. పాకల్లో ఉండేవాళ్ళు వెళ్ళారు. అమ్మ, చెల్లి కూడా వెళ్ళారు. నాన్న మాత్రం కదల్లేదు. "మనది స్లాబు ఇల్లు, పునాది ఎత్తు, పైగా గేదెలున్నాయి. వాటిని ఎవరికి అప్పజెప్పి రమ్మంటావు?" అన్నారు. వచ్చినవాళ్ళు కాస్త గట్టిగానే మాట్లాడారు. జీపెక్కిస్తామన్నారు.

నా మటుకు నాకు నాన్న చెప్పిందే సబబుగా ఉంది. పాకలు, రేకుల షెడ్లు, పాత పెంకుటిళ్ళు ఖాళీ చేయించండి, కాదనను. గట్టి ఇల్లు కట్టుకున్న మనిషిని మెడ పట్టి తీసుకెళ్ళడం మాత్రం ఏం న్యాయం? మీ ఊళ్ళలో ఎలా జరిగిందో, ఏది మంచిదనుకుంటున్నారో చెప్పండి.

చెరువు రైతు, ఉప్పలగుప్తం:

మీ నాన్నగారి వైపే నేను. మాకు రొయ్యల చెరువులున్నాయి. తుఫాను రోజున కరెంటు పోతుంది, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి, జనరేటర్ దగ్గర మనిషి లేకపోతే తెల్లారేసరికి సరుకంతా చచ్చి తేలిపోతుంది. షెల్టర్‌లో రెండు పూటలా అన్నం పెడతారు, బియ్యం కూడా ఇస్తారు, సంతోషమే. చెరువు పోతే ఆ అప్పు ఎవరు కడతారండీ?

ఇంకో సంగతి. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను వస్తోందని ఊళ్ళు ఖాళీ చేయించారు. అది మన కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. ఎక్కడో కాదు, మన నెత్తి మీదే. వరి పోయింది, వాన కొట్టింది, అంతే. ఇలా ప్రతిసారీ టెన్షన్ పెడితే నిజంగా పెద్దది వచ్చిన రోజున ఎవడూ కదలడు.

రిటైర్డ్ మాస్టారు, ముమ్మిడివరం:

బాబూ, ఇద్దరూ గాలి గురించే మాట్లాడుతున్నారు. నీటి గురించి ఒక్క మాట లేదు. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

1996 నవంబరు 6 సంగతి మీ వయసువాళ్ళు వినే ఉంటారు గానీ చూసి ఉండరు. అది చూడ్డానికి చిన్న తుఫాను. వెడల్పు తక్కువ, బలం మాత్రం తీరానికి దగ్గరయ్యే కొద్దీ పెరిగింది. పెథాయ్ అలా కాదు, తీరానికి వచ్చేలోపే నీరసించింది. అది నీరసించబట్టి బతికాం, మనం గట్టిగా ఉండబట్టి కాదు. ఈ రెండింటిలో వచ్చేది ఏదో ముందురోజు మధ్యాహ్నం ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

ఆ రోజు సాయంత్రం దాకా మాలో చాలామందికి అది మామూలు వాయుగుండంలాగే అనిపించింది. రాత్రికి గాలి మొదలైంది. తలుపుకి అడ్డంగా బియ్యం బస్తాలు పెట్టి, వాటికి వీపులు ఆనించి కూర్చున్నాం. మధ్యలో గాలి కాస్త తగ్గింది. అయిపోయిందనుకుని మా పక్కింటాయన దూడను చూడ్డానికి లాంతరు పట్టుకుని బయటికెళ్ళాడు. అంతలోనే ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విసిరికొట్టింది. గడప కింద నుంచి నీళ్ళు లోపలికి వస్తుంటే మా అమ్మ వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. "ఉప్పగా ఉన్నాయిరా" అంది. అప్పుడు మాకు వణుకు పుట్టింది. వాన నీరైతే ఎంతసేపున్నా ఓర్చుకుంటాం. ఉప్పునీరు గడప దాకా వచ్చిందంటే వెనకాల ఇంకెంత ఉందో తెలియదు.

పక్కింటాయన చెట్టు పట్టుకుని బతికి బయటపడ్డాడు. భైరవపాలెం వైపు అలా బతకనివాళ్ళు, వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎంతమందో! మొత్తం మీద వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలైతే నేలమట్టం. మళ్ళీ మొక్క నాటి కాపు చూడ్డానికి ఎన్నేళ్ళు పడుతుందో కోనసీమలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు.

స్లాబు ఇల్లు గాలికి నిలబడుతుంది. నిజమే. మీ ఇంటి నేల సముద్రానికి ఎంత ఎత్తులో ఉంది, మీ వీధికి నీళ్ళు ఎటు నుంచి వస్తాయి అన్నది ముందు తెలుసుకో. ఇంటి సంగతి ఆ తర్వాత.

వేట పడవ:

మేం కాకినాడ పోర్టులో ఎగరేసే తుఫాను హెచ్చరిక నంబరు చూసుకుంటాం మాస్టారూ. పదో నంబరు పడితే వెళ్తాం. ఎనిమిదో తొమ్మిదో అయితే ఇంటి దగ్గరే ఉంటాం. మా తాతల నుంచీ ఇంతే.

రిటైర్డ్ మాస్టారు, ముమ్మిడివరం:

తమ్ముడూ, ఈ లెక్క వెంటనే మానేయండి. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ మహా ప్రమాద సూచికలే. ఎనిమిది తక్కువా, పది ఎక్కువా కాదు. తుఫాను ఓడరేవుకి ఒక పక్కగా దాటుతుందా, రెండో పక్కగా దాటుతుందా, నేరుగా దాని మీదుగానో బాగా దగ్గరగానో వెళ్తుందా అన్నది చెప్పడానికే ఆ మూడు నంబర్లు. పైగా అవి కాకినాడ రేవులో ఓడల కోసం. కాకినాడకి ఎనిమిది పడిన రోజున అంతర్వేదికి అదే చావుదెబ్బ కావచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన తీరంలో తుఫాను దాటే చోటుకి ఈశాన్యం వైపు, అంటే అది వెళ్ళే దారికి కుడిపక్కన, గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి కొడుతుంది. ఉప్పెన ఎక్కువగా అటే. 1977 నవంబరు 19న తుఫాను దాటిన చోటుకి కుడివైపున దివిసీమ ఉంది. అక్కడేమైందో వేరే చెప్పాలా? కాబట్టి "మచిలీపట్నం దగ్గర దాటుతుందట, మనకేం లేదు" అని టీవీ కట్టేసి పడుకోకండి. అప్పుడు మనం కుడిపక్కన ఉన్నట్టు.

హ్యూస్టన్‌లో అమలాపురం:

నమస్కారం. ఇక్కడ హరికేన్ అంటారు గానీ వచ్చేది అదే. కుర్రాడు గారి ప్రశ్నకి ఇక్కడి అనుభవం పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

2005లో కత్రినాకి న్యూ ఆర్లియన్స్‌లో గట్లు తెగి, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు మునిగిపోయారు. అది జరిగి నెల తిరక్కుండానే రీటా మా వైపు వస్తోందన్నారు. కత్రినా భయం జనంలో అలాగే ఉంది. వెళ్ళాల్సినవాళ్ళూ, వెళ్ళక్కర్లేనివాళ్ళూ అందరూ ఒకేసారి కార్లెక్కారు. 25 లక్షల మందికి పైగా. గంటలకి గంటలు రోడ్ల మీదే, ఎండలో, పెట్రోలు అయిపోయి. డాలస్ దగ్గర ముసలివాళ్ళని తీసుకెళ్తున్న బస్సు తగలబడి 23 మంది చనిపోయారు. తీరా రీటా పక్కకి జరిగి టెక్సాస్, లూసియానా సరిహద్దు దగ్గర దాటింది. రీటా చావుల్లో ఎక్కువ భాగం ఆ ప్రయాణంలో పోయినవే.

అప్పటి నుంచి ఇక్కడ తీరాన్ని జోన్లుగా విడగొట్టి, ముందు ఎవరు కదలాలో పిన్‌కోడ్ ప్రకారం చెప్తారు. నీళ్ళు వచ్చే చోటు నుంచి పారిపోవాలి, గాలి మాత్రమే వచ్చే చోట గట్టి ఇంట్లో దాక్కోవాలి అన్నది ఇక్కడ అందరికీ తెలిసిన సూత్రం. అంటే అమలాపురం టౌన్లో స్లాబు ఇంట్లో ఉన్న మా అత్తయ్య కదలక్కర్లేదు. ఓడలరేవులో స్లాబు ఇంట్లో ఉన్న మీ నాన్నగారు కదలాలి. ఇల్లు ఒకటే, చోటు వేరు.

అంగన్‌వాడీ టీచర్:

అందరూ వెళ్ళాలా వద్దా అని వాదిస్తున్నారు. వెళ్ళిన చోట ఎలా ఉంటుందో ఆడవాళ్ళని అడగండి ఒకసారి.

నాకు డ్యూటీ పడిన ఒక కేంద్రంలో జనం వచ్చేసరికి తాళం. తాళంచెవి ఉన్నాయన పక్క ఊళ్ళో ఉన్నాడు. వానలో పిల్లల్ని ఎత్తుకుని వరండాలో నిలబడ్డారు. తలుపు తీశాక చూస్తే మరుగుదొడ్డికి గడియ లేదు, తొట్లో చుక్క నీళ్ళు లేవు. బాలింత ఒకావిడ పసిబిడ్డతో ఉంది, ఆవిడకి చీర అడ్డం కట్టి మూల చూపించాం. రాత్రి కరెంటు పోయాక ఆడపిల్లలు బయటికెళ్ళడానికి భయపడి నీళ్ళు తాగడం మానేశారు. అది చూసినావిడ మరోసారి పిలిస్తే వస్తుందా? "స్లాబు ఇల్లుంది, గేదెలున్నాయి" అని మగవాళ్ళు చెప్తారు. ఆడవాళ్ళు రాకపోవడానికి కారణం ఇది, పైకి మాత్రం చెప్పరు.

అన్నిచోట్లా ఇలాగే ఉందని నేననడం లేదు. మొంథాకి నెలలు నిండిన గర్భిణుల్ని ముందుగానే ఆసుపత్రులకి చేర్చారు, అది చాలా మంచి పని. ఆ శ్రద్ధ మిగతావాళ్ళ మీద కూడా పెట్టండి అంటున్నాను. అక్టోబరు రాకముందే ప్రతి షెల్టర్‌కీ గడియలు, నీళ్ళు, దీపం ఉన్నాయో లేదో చూసుకోవాలి. తాళంచెవి ఆ వీధిలో ఉండే మనిషి దగ్గరే ఉండాలి. ఇది చేయకుండా జీపెక్కిస్తాం అంటే నాకు కోపం వస్తుంది.

కోర్టు సెంటర్, అమలాపురం:

మెడ పట్టి తీసుకెళ్ళడం ఏం న్యాయం అని కుర్రాడు అడిగాడు కాబట్టి చట్టం ఏమంటుందో చెప్తాను. 2005 విపత్తు నిర్వహణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ప్రమాదంలో ఉన్న ప్రాంతంలోకి రావడం, అందులో తిరగడం, బయటికి వెళ్ళడం వంటివి నియంత్రించే అధికారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి ఉంది. ఆ చట్టం కింద ఇచ్చిన ఆదేశాన్ని సరైన కారణం లేకుండా ధిక్కరిస్తే 51వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దానివల్ల ప్రాణనష్టం జరిగితే రెండేళ్ళ దాకా.

అయితే గేదెల్ని వదల్లేక ఆగిపోయిన రైతు మీద కేసు పెట్టడం వల్ల ఎవరికీ లాభం లేదు. ఆయన్ని ఒప్పించగలిగేది గేదెలకి చోటు చూపించినవాడే. నేను వకీలుని అయ్యుండి కూడా ఇదే అంటాను.

చెరువు రైతు, ఉప్పలగుప్తం:

మాస్టారు గారు నీళ్ళన్నారు. మా ఊరు బీచ్ నుంచి ఐదారు కిలోమీటర్లు లోపలికి. మాకు ఉప్పెన ఎక్కడి నుంచి వస్తుందండీ?

రిటైర్డ్ మాస్టారు, ముమ్మిడివరం:

మీ కూనవరం డ్రెయిన్ గుండా, అంటే పొలాల నీరు సముద్రంలోకి పోయే కాలువ గుండా వస్తుంది బాబూ. డెల్టాలో సముద్రం ఎప్పుడూ ఎదురుగానే రావాలని లేదు, వెనక నుంచి కూడా వస్తుంది. తుఫాను గాలి నీటిని మొగలోకి, అంటే కాలువ సముద్రంలో కలిసే చోట లోపలికి తోస్తే డ్రెయిన్ ఎదురు పారుతుంది. పైనుంచి దిగాల్సిన వాన నీటికి దారి ఉండదు. రెండూ కలిసి మీ చెరువు గట్టు ఎక్కుతాయి. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్‌లోంచి ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడైపోయిన సంగతి 2025లో పేపర్లన్నీ రాశాయి. అది మామూలు పోటుకే. తుఫాను రోజున సంగతి మీరే ఊహించుకోండి.

జనరేటర్ దగ్గర మనిషి ఉండాలన్నారు. ఆ మనిషి మీరు కాదు కదా. నెల జీతానికి కుదిరిన కుర్రాడు, చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో. వాడి గురించి మీరొక్క మాట రాయలేదు. అది నాకు చాలా బాధగా ఉంది.

ఓడలరేవు కుర్రాడు:

మాస్టారి పోస్టులు మూడూ నాన్నకి చదివి వినిపించాను. డ్రెయిన్ మాట వచ్చేసరికి ఆపి మళ్ళీ చదవమన్నారు. మా ఇంటి వెనక నుంచే ఒక డ్రెయిన్ పోతుంది. "మరి గేదెల సంగతేంటో కూడా అడుగు" అన్నారు. ఆయన అడ్డమంతా అక్కడే ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను:

తుఫాను హెచ్చరికలు ఒక వరసలో వస్తాయి. తీరంలో గాలివాన మొదలయ్యే సమయానికి దాదాపు 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్. మనుషులు వార్నింగ్‌కి కదిలినా సరిపోవచ్చు, పశువుల్ని మాత్రం అలర్ట్ రోజునే తోలాలి. గాలి ముదిరాక గేదె అడుగు వెయ్యదు. రాత్రికి రోడ్ల మీద బళ్ళు కూడా ఆపేస్తారు, మొంథాకి ఆపేశారు కదా.

ఏటిగట్టు మీదికో, ఊళ్ళో మెరక మీదికో చేర్చండి. చెట్ల కిందా, కరెంటు తీగల కిందా వద్దు. గట్టు మీద కొబ్బరిచెట్టుకి కట్టేసి రావడం మన దగ్గర మామూలు, చెట్టు పడితే పశువు దానికిందే. తోలుకెళ్ళడం కుదరకపోతే పలుపు విప్పేసి, పాక తడక తీసేసి రండి. గేదె ఈదుతుంది. కట్టుగొయ్యకి కట్టేసినవే చచ్చిపోతాయి. ఎండుగడ్డి రెండు రోజులకి సరిపడా టార్పాలిన్‌లో చుట్టుకోండి, మంచినీళ్ళు డ్రమ్ముల్లో పట్టండి. ఉప్పునీరు తాగితే పశువు తట్టుకోదు.

చెరువు రైతు, ఉప్పలగుప్తం:

మాస్టారూ, కాపలా కుర్రాడి విషయంలో మీరన్నది కాదనను. ఈసారి వార్నింగ్ రాగానే వాడిని, వాడి భార్యాపిల్లల్ని నేనే బండిలో అమలాపురం దింపుతాను. అయినా చెరువు సంగతి మీరెవరూ తేల్చలేదు. సరుకు పోతే పరిహారం ఇస్తామని ముందే రాతపూర్వకంగా ఇస్తే సగం మంది గట్టు దిగుతారు. అది అడగకుండా దిగు దిగు అంటే ఒప్పుకోను.

కుర్రాడూ, మీ గేదెలకి చోటు కావాలంటే మా బావగారికి బోడసకుర్రు వైపు గట్టు పక్కన మెరక ఉంది, చెట్లు లేవు. మెసేజ్ పెట్టు, మాట్లాడతాను.