రాజపూజ్యమా, రాజపూజ్యతా?

ప్రశ్న:
ఉగాది పంచాంగంలో ప్రతి రాశికీ వేసే నాలుగు అంకెల శీర్షికల్లో ఆదాయం, వ్యయం, అవమానం చక్కని నామవాచకాలు. రాజపూజ్యం ఒక్కటే విశేషణంలా కనిపిస్తోంది. రాజపూజ్యత అనో, రాజపూజ అనో ఉండవద్దా? పైగా తెలుగులో పూజ్యం అంటే సున్న కూడా. ‘ఆయనకు లెక్కల్లో ప్రవేశం పూజ్యం’ అంటాం. మా సంఘం పత్రికలో అచ్చుకు వెళ్లాలి. దిద్దమంటారా?

– దిద్దకండి. గమ్యం, కర్తవ్యం, భోజ్యం కూడా అలా పుట్టినవే. నపుంసకంలో పెట్టి నామంగా వాడుకుంటున్నాం.

– ఆ పోలిక కుదరదు మాస్టారూ. గమ్యం అంటే చేరవలసిన చోటు, భోజ్యం అంటే తినదగిన పదార్థం. రాజపూజ్యం అంటే పూజించదగిన వస్తువు కాదు కదా, మనిషికి దక్కే మన్నన. నా ఊహ వేరు. ఆరోగ్యం, సౌఖ్యం, దారిద్ర్యం లాంటి భావనామాలకు అలవాటుపడిన తెలుగు చెవికి ‘పూజ్యం’ కూడా ఆ కోవలోదిగానే వినిపించి ఉంటుంది. వ్యాకరణం అడిగితే తప్పే, వాడుక అడిగితే ఒప్పు. సున్న సంగతికి భయపడకండి, ఆ గడిలో సున్న వేయరు. 1 నుంచి 7 వరకే ఉంటుంది.

– మాట సరే, ఆ అంకెలు ఎక్కడివి? మాది తులారాశి. క్రోధి నామ సంవత్సరంలో (2024 ఉగాది) ఆదాయం 2, వ్యయం 8 అన్నారు. ఆ ఆదాయం రెండు ఎక్కడ తెచ్చారో గాని, వ్యయం ఎనిమిది మాత్రం నిజమైంది!

– లెక్క ఉందండీ. రాశి అధిపతికీ, ఆ సంవత్సరపు రాజుకూ అష్టోత్తరీ దశలో, అంటే గ్రహాలకు ఏళ్లు పంచే ఒక పద్ధతిలో, ఉన్న ఏళ్లు కలపాలి. జాతకాలలో ఎక్కువగా చూసేది 120 ఏళ్ల వింశోత్తరి, అందులో మీ తులకు అధిపతి శుక్రుడికి 20. ఇక్కడ 108 ఏళ్ల పద్ధతి, శుక్రుడికి 21. క్రోధి ఉగాది మంగళవారం పడింది గనుక రాజు కుజుడు, ఆయనకు 8. మొత్తం 29. మూడుతో హెచ్చించి 5 కలిపితే 92. పదిహేనుతో భాగిస్తే శేషం 2, అది మీ ఆదాయం. భాగఫలం 6ను మళ్లీ మూడుతో హెచ్చించి 5 కలిపితే 23, పదిహేను తీసేస్తే 8, అది వ్యయం. ఈ లెక్కకు 2, 5, 8, 11, 14 తప్ప మరో జవాబు రాదు. మీ సంపాదన మూడు అయ్యే యోగం ఏ గ్రహమూ ఇవ్వలేదు.

వృషభానికీ శుక్రుడే అధిపతి కాబట్టి వాళ్లకూ అదే 2, అదే 8. కానీ రాజపూజ్యం చూడండి: ఆ ఏడు వృషభానికి 7, తులకు 1. డబ్బు అంకె గ్రహాన్ని బట్టి వచ్చింది, మన్నన అంకె రాశి వరసను బట్టి నడిచింది. మేషం 4, వృషభం 7, మిథునం 3, కర్కాటకం 6: మూడేసి చొప్పున పెంచుతూ, ఏడు దాటితే ఏడు తీసేస్తూ పోయారు. ఫలితం మీద నాకు నమ్మకం లేదు. కానీ జేబునూ పరువునూ వేరు వేరు ఖాతాల్లో రాసిన ఆ పద్ధతి మీద గౌరవం ఉంది. ఒకే గ్రహం నీడన, ఒకే రాబడితో బతికే ఇద్దరిలో ఒకరిని ఊరు నెత్తిన పెట్టుకుంటుంది, మరొకరిని పలకరించదు. ఇది పంచాంగం లేకుండా కూడా చూస్తూనే ఉన్నాం.

– జాతకంలో అలా విడదీయలేదండోయ్. లగ్నం (పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి) నుంచి రెండో ఇల్లు ధనస్థానం, అదే వాక్‌స్థానం, అదే కుటుంబస్థానం. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఆ ఇంటి గుమ్మానికి తగిలించవచ్చు.

– అది వ్యక్తి జాతకం, ఇది రాశి మొత్తానికి వేసిన పద్దు. రెండూ కలపకండి.

– ప్రశ్న అడిగిన నేనే: రాజపూజ్యం అలాగే ఉంచుతున్నాను. కాకపోతే మా అచ్చుప్రతిలో వృషభానికి ఆదాయం 3 అని పడింది. దాన్ని దిద్దుతాను.