కాలనీలో కంటైనర్లు, సైన్ బోర్డులు, చెట్లు: రూల్స్ మార్చమని ఎవరికి, ఏమని రాయాలి?

ప్రశ్న: కాలనీ సంఘం సభ్యుడు, మధురవాడ

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలో మధురవాడ వైపు 40 అడుగుల రోడ్డు మీదున్న కాలనీ. మొదట్లో అన్నీ ఇళ్లే. ఇప్పుడు కింద షాపులు, పైన ఇళ్లు. వీధి చివర ఖాళీ స్థలంలో క్యాటరింగ్ చేసే ఆయన వంటపాత్రలు, షామియానా సామాను పెట్టుకోవడానికి 20 అడుగుల కంటైనర్ దించారు. దాని ఎదురుగా ఒక షోరూమ్ వాళ్లు రెండో అంతస్తు పిట్టగోడకి పెద్ద ఎల్‌ఈడీ బోర్డు బిగించారు. బోర్డు కనబడటం లేదని కింద ఉన్న కానుగ చెట్టు కొమ్మల్ని మొదలంటా కొట్టించేశారు. ఎదురింటి పెద్దావిడ గదిలో రాత్రి పన్నెండు దాటినా గోడంతా ఎర్రగా, నీలంగా మారుతూనే ఉంటుంది. ఆవిడకి సరైన నిద్ర లేదు.

కంటైనర్లు, బోర్డులు మొత్తం నిషేధించేలా రూల్స్ మార్చమని జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్) కమిషనర్ గారికి లెటర్ పెడదామని సంఘం మీటింగ్‌లో తీర్మానించారు. రాసే పని నాకు అప్పగించారు. ఎవరికి రాయాలో, ఏం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి. మొదటిసారి కాబట్టి కాస్త టెన్షన్‌గానే ఉంది.

జవాబు: ఎల్‌టీపీ (లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్), ప్లాన్ అప్రూవల్ పనులు చేస్తాను

ఆ లెటర్ అలాగే పంపకండి సార్. మీరు చెప్పినదాంట్లో రెండు వేరు వేరు విషయాలున్నాయి. కొన్నింటికి రూల్ ఇప్పటికే ఉంది, అమలు లేదు. కొన్నింటికి రూలే సరిగ్గా లేదు. రెండూ కలిపి రాస్తే "మార్పు ప్రభుత్వం చేతిలో ఉంది" అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేస్తారు. అందుకని రెండు కాగితాలు పెట్టండి.

ముందు కంటైనర్ సంగతి. "అది బిల్డింగ్ కాదండి, లారీ మీద వచ్చింది, లారీ మీదే పోతుంది" అంటారు. మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలో బిల్డింగ్ అనే మాటకి ఇచ్చిన అర్థం చాలా విశాలం. గోడౌను, షెడ్డు, పాక, ఇటుకతో కట్టినా కర్రతో కట్టినా ఇనుముతో కట్టినా అందులోకి వస్తాయి. కాబట్టి నేల మీద దించి గోడౌనుగా వాడుతున్న కంటైనర్‌కి పర్మిషన్ అడిగే అధికారం టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి ఇప్పుడే ఉంది. కట్టిన ఇంటి సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) గాని, పార్కింగ్‌కి చూపించిన చోట గాని దించితే అది ప్లాన్‌కి విరుద్ధం. సెట్‌బ్యాక్ వదిలేది గాలికి, వెలుతురుకి, అవసరమైతే ఫైరింజన్ తిరగడానికి. 2017 బిల్డింగ్ రూల్స్, జీవో 119, చూడండి. తర్వాత సవరణలు చాలా వచ్చాయి, తాజా ప్రతి దగ్గర పెట్టుకోండి. ఈ ఫిర్యాదు మీ సచివాలయంలో వార్డు ప్లానింగ్ సెక్రటరీకి ఇచ్చి, కాపీ జోనల్ ఆఫీసులో ఇవ్వండి.

ఇక రూలే సరిపోని చోటు, నేను బాగా పట్టుబట్టేది, గాలి. మనది తుఫాన్ల తీరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో హోర్డింగుల ఇనుప ఫ్రేములు ఎలా మెలితిరిగిపోయాయో చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. కట్టడాల మీద పడే బరువులకి, గాలికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి డిజైన్ కోసం ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద పడే తోపు సుమారు 150 కిలోలు. 10 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఉన్న మామూలు షాపు బోర్డు మీద అది 550 కిలోలు దాటుతుంది. ఆ బోర్డుని పిట్టగోడకి నాలుగు యాంకర్ బోల్టులతో బిగించి వెళ్లిపోతారు. ఆ పిట్టగోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. సముద్రపు ఉప్పుగాలికి రెండు మూడేళ్లలో బోల్టు తల దగ్గర తుప్పు పొరలు పొరలుగా ఊడొస్తుంది. గోకి చూస్తే తెలుస్తుంది.

కంటైనర్ అంత బరువుంది కదా, అది ఎక్కడికి పోతుందని అనుకోకండి. 20 అడుగుల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు ఉన్న పక్క మీద అదే లెక్క వేస్తే తోపు దాదాపు 2,400 కిలోలు. ఖాళీ కంటైనర్ బరువు 2,200 కిలోలకి అటూ ఇటూ. ఇది మోటు లెక్కే, ఎత్తుని, ఆకారాన్ని, చుట్టూ ఉన్న ఇళ్లని బట్టి ఇంజనీరు అసలు లెక్క వేస్తారు. కానీ ఊరికే సిమెంటు దిమ్మల మీద పెట్టి వదిలేయకూడదని చెప్పడానికి ఇది చాలు. మీ లెటర్‌లో అడగాల్సిన మొదటి మార్పు ఇదే: ఒక నిర్ణీత సైజు దాటిన ప్రతి బోర్డుకీ, నేల మీద దించిన ప్రతి కంటైనర్‌కీ స్ట్రక్చరల్ ఇంజనీర్ సర్టిఫికెట్ ఉండాలి. ఏటా తుఫాన్ల సీజన్‌కి ముందు, అంటే సెప్టెంబర్ లోపు, బోల్టులు చూసి దాన్ని రెన్యువల్ చేయించాలి.

చెట్టు విషయం చిన్నదే. నీరు, భూమి, చెట్ల రక్షణకి వాల్టా చట్టం 2002 నుంచే ఉంది. పర్మిషన్ లేకుండా చెట్టు కొట్టడం తప్పు. మొండెం మిగిలేలా నరికి "కొమ్మలే కదా" అంటే కుదరదు. నరికిన కొమ్మలు ఇంకా అక్కడే ఉంటే ఈరోజే ఫొటో తీయండి.

వ్యాఖ్య: చిన్న వ్యాపారి, గాజువాక

మీరందరూ ఇళ్లవాళ్ల వైపే మాట్లాడుతున్నారు. గోడౌను అద్దె కట్టలేకే మాలాంటివాళ్లం కంటైనర్ కొనుక్కుంటున్నాం. పోర్టు ఊరు కాబట్టి పాతది దొరుకుతుంది, ఆటోనగర్‌లో తలుపులు, కిటికీలు పెట్టించుకుంటాం. రేపు నిషేధం అంటే మా సామాను ఎక్కడ పెట్టుకోవాలండి? బోర్డు తీసేయమంటే కస్టమర్‌కి షాపు ఎలా తెలుస్తుంది?

జవాబు: ఎల్‌టీపీ

మీ బాధ న్యాయమైనదే అన్నా. అందుకే నిషేధం అడగొద్దంటున్నాను. నిషేధిస్తే ఇవన్నీ చాటుగా నడుస్తాయి, అప్పుడు మామూళ్లు పెరుగుతాయి తప్ప భద్రత పెరగదు. కంటైనర్‌కి విడిగా ఒక తాత్కాలిక పర్మిషన్ ఉండాలని నా అభిప్రాయం. సొంత స్థలంలో, ఇంటి ముందు గోడ ఉండే గీతకి వెనకాలే పెట్టాలి. డ్రైనేజీ మీద, ఫుట్‌పాత్ మీద పెట్టకూడదు. ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. గ్యాస్ సిలిండర్లు, పెయింట్లు లోపల ఉంచకూడదు. నేలకి యాంకర్ చేయాలి. రోడ్డు వైపు ఒక వరుస మొక్కలు పెంచాలి. ఇవి పాటిస్తే ఏడాదికి పర్మిషన్, ఏటా రెన్యువల్. ఇప్పటికే ఉన్నవాళ్లకి సర్దుకోవడానికి 6 నెలల గడువు. ఇలా అడిగితే మీలాంటివాళ్లు కూడా సంతకం పెట్టగలరు. సంతకాల్లో షాపులవాళ్లు కూడా ఉంటే ఆ కాగితానికి ఉండే విలువే వేరు.

బోర్డు కూడా తీసేయమని నేను అనడం లేదు. షాపు వెడల్పు దాటకుండా, షట్టర్ పైన గోడకి ఆనించి పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. బోర్డులో అన్నిటికంటే పైన తెలుగులో పేరు ఉండాలని షాపుల చట్టం కింద రూల్ ఉంది, అది కూడా చూసుకోండి.

వ్యాఖ్య: పెదవాల్తేరు నివాసి

మా వైపు బీచ్ రోడ్డు దగ్గర స్థలంలో కంటైనర్ కేఫ్ పెట్టాలని మా తమ్ముడి ఆలోచన. ఇవే రూల్సా?

జవాబు: ఎల్‌టీపీ

కాదమ్మా, అక్కడ ఇంకో మెట్టు ఉంది. పోటు గీత (సముద్రపు పోటు నీళ్లు చేరే గీత) నుంచి 500 మీటర్ల వరకు సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ రూల్స్, వర్తిస్తుంది. జీవీఎంసీ ఒక్కటే సరే అంటే సరిపోదు. కంటైనర్ కొనకముందే మీ సర్వే నంబర్ సీఆర్‌జెడ్ మ్యాపులో ఎక్కడ పడుతుందో చూసుకోమనండి.

ప్రశ్న వేసిన సభ్యుడు

చాలా థ్యాంక్స్ సార్. రెండు సందేహాలు. ఎల్‌ఈడీ వెలుతురు గురించి ఎలా రాయాలి? రూల్ మార్చేది అసలు ఎవరు, జీవీఎంసీయా, వీఎంఆర్‌డీఏయా (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ)?

జవాబు: ఎల్‌టీపీ

ఏ జోన్‌లో ఏ వాడకం ఉండాలన్నది వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్ 2041లోని జోనింగ్ రెగ్యులేషన్స్‌లో ఉంటుంది. దాని ముసాయిదాని 2021లో ప్రజల అభ్యంతరాలకి పెట్టారు. సెట్‌బ్యాక్‌లు, పచ్చదనానికి వదలాల్సిన పట్టీ లాంటివి రాష్ట్ర ప్రభుత్వం బిల్డింగ్ రూల్స్‌లోవి. బోర్డుల పర్మిషన్, ఫీజు, తనిఖీ జీవీఎంసీవి. కాబట్టి కమిషనర్ గారికి అడ్రస్ చేసి, కాపీలు వీఎంఆర్‌డీఏకి, మునిసిపల్ శాఖకి పెట్టండి. సోమవారం పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదికలో) ఇచ్చి అర్జీ నంబర్ తీసుకోండి. కదలిక లేకపోతే 10 రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేసి, ఆ నంబర్ మీద ఏం చర్య తీసుకున్నారో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

వెలుతురు గురించి "ఇబ్బందిగా ఉంది" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. కొలవగలిగేలా రాయండి. ఇదిగో, అవసరమైతే మార్చుకుని వాడుకోండి:

"నివాస ప్రాంతాల్లో, కింద షాపులు పైన ఇళ్లు ఉన్న వీధుల్లో కదిలే, మెరిసే, రంగులు మారే బోర్డులకు అనుమతి ఇవ్వరాదు. స్థిరంగా వెలిగే బోర్డులను రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆర్పివేయాలి. ఆ వేళల్లో తెరిచి ఉండే మందుల షాపులు, ఆసుపత్రులకు మినహాయింపు ఇవ్వవచ్చు. మొదటి అంతస్తు పైన వ్యాపార బోర్డులు పెట్టరాదు. బోర్డు కనబడటం కోసం చెట్టు కొమ్మలు కొట్టినట్లు తేలితే ఆ బోర్డు అనుమతి రద్దు చేయాలి. మలుపుల దగ్గర బోర్డులు గాని, 3 అడుగులు దాటిన కంచె మొక్కలు గాని వచ్చే బండిని కప్పేయకుండా చూడాలి."

మొక్కల గురించి ఇంకో వాక్యం కలపండి: పచ్చదనం అని రాసి కుండీలతో సరిపెట్టకుండా నేలలో నాటాలని, కానుగ, వేప, పొగడ, గన్నేరు లాంటివి ముందు చూడాలని. నీళ్లు తక్కువైనా తట్టుకుని నిలబడతాయి.

లెటర్‌కి జత చేసే ఫొటోల్లో టేపు పట్టి కొలత కనబడేలా తీయండి. కంటైనర్‌కీ రోడ్డు అంచుకీ మధ్య ఎన్ని అడుగులు, బోర్డుకీ పెద్దావిడ కిటికీకీ మధ్య ఎంత దూరం. ఆవిడ ఒప్పుకుంటే గదిలోంచి రాత్రి పూట ఒక చిన్న వీడియో కూడా తీసుకోండి. క్యాటరింగ్ ఆయనకి మాత్రం లెటర్ ఇచ్చే ముందే ఒకసారి చెప్పండి. యాంకర్ చేయించుకుని నాలుగడుగులు వెనక్కి జరుపుతానంటే ఆ ఫిర్యాదు అవసరం లేకుండా పోతుంది.